ఒకే మేకుకి నవ్వూ దుఃఖమూ

కామెడీనీ డ్రామానీ కలపమంటే స్క్రిప్టుల్లో ఎక్కువగా కనిపించేది ఒకే లెక్క. రెండు బరువైన సీన్లు, ఒక సరదా సీను, మళ్ళీ రెండు బరువైన సీన్లు. ఏడవడానికి కథానాయకుడు, నవ్వించడానికి అతని స్నేహితుడు. దీన్ని కలపడం అనరు, పేర్చడం అంటారు. రఫ్ కట్‌లో, అంటే ఎడిటింగ్ తొలి కూర్పులో, ఆ సరదా సీన్లన్నీ తీసేసి ఒకసారి చూడండి. కథ ఎక్కడా తెగలేదంటే అవి మొదటినుంచీ కథలో లేవన్నమాట. విడిగా రాసి అతికించిన కామెడీ ట్రాక్‌ని ఇలాగే పట్టుకోవచ్చు. నిడివి ఎక్కువైందనగానే మొదటి కత్తెర దానిమీదే పడేదీ ఇందుకే.

నవ్వుకి ఏది కారణమో, కాసేపటికి ఏడుపుకీ అదే కారణం కావాలి. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదొక్కటే, మిగతావన్నీ దీని తర్వాతే. 1921లో వచ్చిన చాప్లిన్ 'ది కిడ్' చూడండి. పిల్లవాడు రాళ్ళేసి కిటికీల అద్దాలు పగలగొడతాడు. వెనకాలే వాణ్ణి పెంచుతున్న చాప్లిన్ కొత్త అద్దాలు వీపున మోసుకుని ఏమీ ఎరగనట్టు వస్తాడు. పగలబడి నవ్వుతాం. ఆ నవ్వుకి మూలం దరిద్రం. తర్వాత అనాథాశ్రమం వాళ్ళు పిల్లవాణ్ణి లాక్కుపోవడానికి వచ్చినప్పుడూ మూలం ఆ దరిద్రమే. సొంత బిడ్డ కాదు, పెంచే స్తోమత ఉన్నట్టు కనిపించడు. అప్పటిదాకా మనం నవ్వినదంతా వాళ్ళిద్దరి బతుకుతెరువు గురించే కాబట్టి, అది తెగిపోయేటప్పుడు మనకి కొత్తగా ఎవరూ ఏదీ వివరించక్కర్లేదు.

స్క్రిప్టులో దీన్ని పట్టుకోవడానికి ఒక పని చేయొచ్చు. నవ్వొచ్చే ప్రతి చోటా మార్జిన్‌లో 'ఎందుకు నవ్వొస్తోంది' అని ఒక్క ముక్కలో రాయండి. పిసినారితనం, భయం, గొప్పలు, మతిమరుపు, అబద్ధం, ఏదైనా సరే. బరువైన చోట్ల కూడా 'ఎందుకు బాధేస్తోంది' అని రాయండి. రెండు జాబితాల్లోనూ ఒక్క మాటైనా ఉమ్మడిగా లేకపోతే మీ దగ్గరున్నవి రెండు సినిమాలు. డైలాగులు ఎంత మెరుగు పెట్టినా అవి అతుక్కోవు.

అలంకారికులు, అంటే సంస్కృతంలో కావ్యశాస్త్రం రాసినవాళ్ళు, ఈ గొడవ ఎప్పుడో పడ్డారు. హాస్యానికి కరుణ, అంటే శోకరసం, విరోధి అని 14వ శతాబ్దపు 'సాహిత్యదర్పణం' తేల్చి చెప్పింది. అంతకు చాలా ముందే, 9వ శతాబ్దంలో, ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో విరోధి రసాలని ఒకచోట ఎలా ఇమడ్చాలో ఉపాయాలు చెప్పాడు. కావ్యాల కోసం చెప్పినా ఎడిటింగ్ రూములో ఇప్పటికీ పనికొచ్చే ఉపాయాలే. ఒకదాన్ని ప్రధానం చేసి రెండోదాన్ని దానికి అంగంగా ఉంచడం. రెండింటినీ ఒకే పాత్రలో కాకుండా వేరు వేరు పాత్రల్లో పెట్టడం. వెంటవెంటనే వస్తే పొసగనప్పుడు మధ్యలో ఇద్దరితోనూ తగువు లేని మరో రసాన్ని దూర్చడం. ఈ మూడో ఉపాయానికి ఉదాహరణ హర్షుడి సంస్కృత నాటకం 'నాగానందం': శాంతానికీ శృంగారానికీ మధ్య పాట విని అబ్బురపడే ఘట్టం, అంటే అద్భుతం.

పాత్రల్ని వేరు చేయడం అన్నిటికంటే తేలిక, అందుకే దాన్ని అతిగా వాడతారు. ఒకరు ఏడుస్తుంటే పక్కనున్నవాడు వెటకారమాడతాడు. ఇక్కడ తరచూ జరిగే తప్పు: ఆ పక్కనున్నవాడికి చావు సంగతి తెలుసు, అయినా జోకేస్తాడు. అప్పుడతను మనిషిలా కాకుండా రచయిత పెట్టిన మైకులా కనిపిస్తాడు. సంగతి తెలియనివాడైనా కావాలి, లేదా ఆ జోకు అతని ఏడుపే కావాలి. 1975లో అమెరికా టీవీ కామెడీ 'మేరీ టైలర్ మూర్ షో'లో వచ్చిన అంత్యక్రియల ఎపిసోడ్ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. వేరుశనగకాయ వేషం వేసుకున్న విదూషకుణ్ణి ఊరేగింపులో ఏనుగు ఒలవబోయి చంపేస్తుంది. కథానాయిక మేరీ పనిచేసే టీవీ ఛానెల్ ఆఫీసులో అందరూ ఆ చావు మీద జోకులేస్తుంటే ఆమె ఒక్కతే మందలిస్తుంది. తీరా అంత్యక్రియల దగ్గర మిగతావాళ్ళు గంభీరంగా కూర్చుంటే నవ్వాపుకోలేనిది ఆమే. నవ్వమ్మా, అతనికీ అదే ఇష్టం అని మతగురువు అనగానే ఆమె భోరుమంటుంది. నవ్వు ఒకరి నుంచి ఇంకొకరికి మారింది, ఆ తర్వాతే అదే మనిషిలో ఏడుపుగా తిరిగింది. గమనిస్తే ఎక్కడా కొత్త విషయం చేర్చలేదు. ఏనుగూ అదే, వేరుశనగకాయా అదే.

ఇప్పుడొక సీనుని దగ్గరగా పెట్టుకుని చూద్దాం.

తండ్రి పోయాడు. అన్నాచెల్లెళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఇంటినిండా ఆయన అంటించిన చీటీలు. స్విచ్‌బోర్డు మీద: 'మూడోది నొక్కకు. ఏమీ కాదు. అయినా నొక్కకు.' కుళాయి మీద: 'ఎడమకి తిప్పు. ఇంకా. ఇంకా.' వీధి తలుపు వెనక: 'తాళంచెవి జేబులో ఉంది. నీ జేబులోనే.' ఇద్దరూ ఆయన గొంతు అనుకరిస్తూ చదువుకుని నవ్వుకుంటారు. ఆఖరికి చెల్లెలు బీరువా తలుపు తీస్తుంది. లోపలివైపు ఆమె ఫొటో, కింద చీటీ: 'ఇది కూతురు. ఆదివారం ఫోన్ చేస్తుంది. పేరు అడగకు, బాధపడుతుంది.'

చీటీలన్నీ పిల్లల మీద పెత్తనం అనుకున్నాం. అవి ఆయన తనకి తాను రాసుకున్నవి. నవ్వించినవీ అవే, గుండె పట్టేసినవీ అవే.

ఈ సీను పండాలంటే బీజం చాలా ముందు పడాలి. మొదటి పదిహేను నిమిషాల్లోపే ఒక ఆదివారం ఫోన్ రావాలి. తండ్రి తీసి, 'ఎవరమ్మా నువ్వు? రాంగ్ నంబరేమో' అంటాడు. కూతురు, 'మళ్ళీ మొదలుపెట్టావా నాన్నా' అని నవ్వుతుంది. ప్రేక్షకుడూ నవ్వుతాడు. అది వాళ్ళిద్దరి పాత సరదా అనుకుంటాడు. ఆ ఫోన్ సీనులో కెమెరా తండ్రి ముఖం మీద ఒక్క సెకను ఎక్కువ ఆగినా గుట్టు రట్టవుతుంది. కాబట్టి కూతురి నవ్వు మీదే కట్ చేయాలి. ఈ పని డైరెక్టర్‌కి కష్టం, ఎందుకంటే తండ్రి పాత్ర వేసిన నటుడు అక్కడ అద్భుతంగా చేసి ఉంటాడు, వదులుకోబుద్ధి కాదు. వదులుకోవాలి.

చీటీల లెక్క కూడా ముఖ్యం. సరదావి రెండు, అటూ ఇటూ కానిది ఒకటి, తిప్పేది ఒకటి. మూడోదాంట్లో 'నీ జేబులోనే' అన్న మాట అప్పటికి నవ్వొస్తుంది, తర్వాత వెనక్కి తిరిగి కరుస్తుంది. సరదా చీటీలు ఐదారు అయితే ప్రేక్షకుడు వరస పట్టేసి తర్వాతిది ముందే ఊహిస్తాడు. ఒకటే అయితే అలవాటని తెలియదు. సీను మొత్తం స్క్రిప్టులో మూడు పేజీలు దాటకూడదు. పేజీకి సుమారు నిమిషం లెక్కన మూడు నిమిషాలు.

మొదటి మూడు చీటీలనీ పాత్రలు పైకి చదవాలి. నాలుగోదాన్ని ఎవరూ చదవకూడదు, తెర మీద మనమే చదువుకోవాలి. గొంతు ఆగిపోవడమే ఇక్కడ మలుపు. చీటీ షాటు ఎంతసేపు ఉంచాలంటే, దాన్ని నెమ్మదిగా పైకి ఒకసారి చదివి, మీద ఒక సెకను. పై చీటీకి దాదాపు ఆరు సెకన్లు పడుతుంది. ఎడిటర్‌కి ఆ చీటీ కంఠస్థం కాబట్టి మూడు సెకన్లకే కోసేస్తాడు. సీను చూడనివాళ్ళని ఎవరినైనా కూర్చోబెట్టి లెక్క సరిచూసుకోవాలి. ఫోన్‌లో చూసేవాళ్ళకీ కనబడేలా అక్షరాలు పెద్దవిగా ఉండాలి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పాల్సింది ఇంకొకటి: చేతిరాత ఒకటే అయినా స్విచ్‌బోర్డు చీటీ తిన్నగా, పాతబడి ఉండాలి. బీరువా చీటీలో గీత వంకరపోయి, ఒక అక్షరం దిద్దినట్టు ఉండాలి. దీన్ని ఏ పాత్రా ఎత్తి చెప్పకూడదు.

తర్వాతేంటి? చాలామంది ఇక్కడ చెల్లెల్ని ఏడిపించి సీను కోసేస్తారు. నేనైతే ఇంకో చీటీ రాస్తాను. అన్నయ్య ఫొటో కింద: 'వీడు కొడుకు. డబ్బడిగితే లేదని చెప్పు.'

దీన్ని ఎక్కడ పెట్టాలన్నదే అసలు సమస్య. చెల్లెలి చీటీకి ముందు పెడితే ప్రేక్షకుడు నవ్వుతూనే తండ్రి మతిమరుపు జబ్బు సంగతి కనిపెట్టేస్తాడు, ఇక చెల్లెలి చీటీ ధ్రువీకరణ పత్రంలా మిగులుతుంది. వెంటనే తర్వాత పెడితే చెల్లెలి బాధని వెక్కిరించినట్టవుతుంది. ఆనందవర్ధనుడి ఉపాయం ఇక్కడే కావాలి, మధ్యలో మరొకటి. అన్నయ్య ఏమీ మాట్లాడకుండా బీరువా మిగతా అరలు వెతకడం మొదలుపెట్టాలి. ఒక అర, ఇంకో అర. ఏం వెతుకుతున్నాడో ప్రేక్షకుడికి రెండు సెకన్లు తెలియకూడదు. ఆ తర్వాత అర్థమవుతుంది: నాన్నకి నేను గుర్తున్నానా? అతను తన చీటీ కోసం వెతుకుతున్నాడు. ఆరేడు సెకన్ల ఈ ఆత్రం రెండింటినీ ముట్టుకునే వంతెన. చీటీ దొరికాక అతను దాన్ని మామూలు గొంతుతో, తనకోసం చదువుకున్నట్టు చదవాలి. ఇందాకటిలా నాన్న గొంతు అనుకరించాడా, సీను పోయినట్టే. అప్పుడు ఇద్దరికీ నవ్వు వస్తుంది. ఆ నవ్వు ముగిసేదాకా ఆగకుండా, మొదలైన రెండు మూడు సెకన్లకే బయటికి రావాలి. నవ్వు ఏడుపయ్యే క్షణాన్ని చూపిస్తే అది నటన ప్రదర్శన అవుతుంది.

షూటింగులో ఎక్కువగా చెడేది నటన వేగం. కామెడీ సీను అనగానే మాటలు చురుగ్గా, బరువైన సీను అనగానే నెమ్మదిగా చెబుతారు. రెండింటికీ ఒకే వేగం పట్టుకోమనాలి. పాత్రకి తన జీవితం కామెడీ అని తెలియదు. చేతికి ఒక పని ఇస్తే సగం సమస్య తీరుతుంది. పెట్టెకి టేపు అంటించడం, తాడు ముడి విప్పడం, ఏదైనా. టేపు చిరగకపోతే నవ్వొస్తుంది, అదే టేపు చివర చేతిలో ఆగిపోతే మరొకటి అవుతుంది. ఒక టేకు పూర్తిగా పొడిగా, ఏ భావమూ లేకుండా తీసి పెట్టుకోండి. ఎడిటింగులో చివరికి నిలిచేది చాలాసార్లు అదే.

లైటింగ్‌లో సరదాకి వెలుగు, బాధకి నీడ అని విడదీస్తే ప్రేక్షకుడికి ముందుగానే టెలిగ్రామ్ పంపినట్టు. సినిమా మొత్తానికి ఒకే వెలుగు పద్ధతి పెట్టుకుని, మార్పు ఏదైనా ఉంటే షాటు వెడల్పులో చూపించాలి. నవ్వు వెడల్పు షాటులో బతుకుతుంది, ఎందుకంటే మనిషి, అతని వెనకున్న అసంబద్ధం రెండూ ఒకే ఫ్రేములో ఉండాలి. పంచ్ డైలాగుకి క్లోజప్ వేస్తే రచయితే వచ్చి భుజం తట్టినట్టుంటుంది. క్లోజప్‌ని దాచుకుని, తిప్పే చోట మొదటిసారి వాడితే దాని బరువు వేరు.

ఎడిటింగ్ దగ్గరికొస్తే, సెకనుకి 24 ఫ్రేముల లెక్కలో 12 ఫ్రేములంటే అర సెకను. జోకు తర్వాతి రియాక్షన్ షాటు ఆ అర సెకను అటూ ఇటూ అయితే నవ్వు పోతుంది, కానీ బాధ పోదు. బాధ ఆలస్యాన్ని భరిస్తుంది. అందుకే ముందు సరదా కట్లు బిగించి, తర్వాత బరువైన వాటిని వాటి పక్కన వదులు చేసుకుంటూ రావాలి. హాల్లో జనం గట్టిగా నవ్వితే తర్వాతి డైలాగు వినపడదు. కథకి అవసరమైన మాట ఆ నవ్వు కింద పడితే అరగంట తర్వాత ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఆ చోట మాట లేని పని ఒకటి పెట్టాలి, ఎవరో లేవడమో, తలుపు మూయడమో. ఇంట్లో ఒంటరిగా చూసేవాడు పైకి నవ్వడు కాబట్టి అక్కడ ఊరికే ఖాళీ వదిలితే వెలితిగా ఉంటుంది. పనితో నింపితే రెండుచోట్లా పనికొస్తుంది.

నేపథ్య సంగీతం గురించి ఒక్క మాట: టింగ్‌మనే తీగల శబ్దం నవ్వమని, ఏడుపు వయొలిన్ ఏడవమని చెప్పడం మానేస్తే సగం సినిమాలు బాగుపడతాయి. సరదాగా వాడిన బాణీనే వేగం తగ్గించి ఒకే వాద్యంతో వాయించండి. అది కూడా మలుపు దగ్గర కాకుండా, మలుపు అయిపోయిన పది పదిహేను సెకన్లకి. మలుపు దగ్గర గది శబ్దం, అంటే సంగీతం లేకుండా ఆ గదిలో సహజంగా వినిపించేది, చాలు.

టీవీలో ఈ గది శబ్దం కోసం పెద్ద పోరాటమే జరిగింది. 1972లో మొదలైన అమెరికా సీరియల్ 'మ్యాష్' యుద్ధకాలపు ఆసుపత్రి కథ. దానికి నవ్వుల ట్రాకు, అంటే రికార్డు చేసిన జనం నవ్వులు, కలపాల్సిందేనని ఛానెల్ పట్టుబట్టింది. తీసినవాళ్ళకి ఇష్టం లేదు. ఆపరేషన్ గది సీన్లలో మాత్రం నవ్వులు పెట్టకూడదన్న ఒప్పందం కుదిరింది. డాక్టర్లు అక్కడా జోకులేస్తూనే ఉంటారు, కానీ ఎవరూ నవ్వరు. ఆ నిశ్శబ్దంలో అవే జోకులు భయాన్ని ఆపుకోవడానికని తెలిసిపోతుంది. 1975లో వాళ్ళ కమాండర్ ఇంటికి బయల్దేరే ఎపిసోడ్ ఆఖరున, అతని విమానం కూలిందన్న వార్త ఆ గదిలోకే వస్తుంది. చివరి పేజీని షూటింగ్ దాకా దాదాపు నటులందరి నుంచీ దాచారు. వార్త చదివాక ఎవరి చేతిలోంచో ఒక పరికరం జారి ఠంగుమంటుంది. ప్రమాదవశాత్తూ జరిగింది, అలాగే ఉంచేశారు. ఏ సంగీత దర్శకుడూ అంత బాగా కొట్టలేడు.

సీరియల్‌కి ఉన్న సౌకర్యం కాలం. సినిమాలో పదిహేను నిమిషాల్లో నాటాల్సింది ఇక్కడ ఆరేడు ఎపిసోడ్లు నాటొచ్చు. ప్రమాదమూ అదే. ప్రకటనలు పోను 22 నిమిషాల ఎపిసోడ్‌లో ప్రధాన కథ, ఉపకథ రెండూ నడపాలి. ఒకటి సరదా, ఒకటి బరువు అని పంచేసి అటొకసారి ఇటొకసారి కట్ చేస్తూ పోతారు. మళ్ళీ పేర్చడమే. రెండు కథలూ ఒకే అబద్ధం నుంచో ఒకే భయం నుంచో పుట్టేలా చూసుకుంటే కట్ చేసిన ప్రతిసారీ ఒకటి రెండోదాన్ని తాకుతుంది. ఇంకో సంగతి, మొదటి ఎపిసోడ్‌లోనే ఒక్కసారైనా బరువు చూపించాలి, ఒక నిమిషమైనా చాలు. నాలుగు ఎపిసోడ్లు ఉత్త సరదాగా నడిపి ఐదోదాంట్లో ఎవరినో చంపితే జనం బాధపడరు, మోసపోయామనుకుంటారు.

ఏది కామెడీ, ఏది డ్రామా అన్నది అవార్డులిచ్చేవాళ్ళకే తేలలేదు. అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీల్లో 2015 నుంచి అరగంట లోపువి కామెడీ, అంతకు మించినవి డ్రామా అని నిడివితో కొలిచారు. దాంతో 'ఆరెంజ్ ఈజ్ ది న్యూ బ్లాక్'లో ఒకే పాత్ర వేసిన ఉజో అడూబాకి 2014లో కామెడీ విభాగంలో, 2015లో డ్రామా విభాగంలో ఎమ్మీలు వచ్చాయి. 2021 చివర్లో ఆ నిడివి నియమాన్ని ఎత్తేశారు.

సీరియల్‌లో మరో ఆయుధం, మళ్ళీ మళ్ళీ వచ్చే జోకు. దాన్ని ప్రతిసారీ పూర్తి చేసి, ఆఖరిసారి పూర్తి చేయకుండా వదిలేయడం. 1989లో వచ్చిన, మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ కామెడీ 'బ్లాక్యాడర్ గోస్ ఫోర్త్'లో బాల్డ్రిక్ అనే సైనికుడికి ఎప్పుడూ ఒక గొప్ప ఉపాయం ఉంటుంది, అది ఎప్పుడూ తెలివితక్కువదే. ఆఖరి ఎపిసోడ్‌లో, కందకంలోంచి శత్రువు తుపాకుల మీదికి దూకబోయే ముందు కూడా తన దగ్గర ఉపాయం ఉందంటాడు. ఈసారి అదేమిటో చెప్పే తీరిక ఉండదు, వినకుండానే దాడికి దూకమనే ఈల మోగుతుంది. ఆ తర్వాత వాళ్ళు పరిగెత్తే షాటు, తీసినంతవరకూ, ఏమీ బాగా రాలేదు. ఎడిటింగ్‌లో దాన్ని స్లో మోషన్ చేసి, సీరియల్ బాణీని నెమ్మదిగా పియానో మీద వినిపించి, నిప్పులు కురిసే ఆ నేలని మెల్లగా గసగసాల పూల పొలంగా మార్చారు. చివర్లో మిగిలేది పక్షుల కూత.